మంచు కరిగే వేళ ట్రౌట్ వేట

చేపల వేటకు ఓర్పు కావలెనని అందరూ చెప్పుతారు. కాని కాశ్మీరులోని లిద్దర్ నదిలో ఏప్రిల్ మాసాన ట్రౌట్ చేపకు గాలం వేయదలచినవానికి ఓర్పుకంటె ముందు నీటి చల్లదనాన్ని గురించిన ఎరుక కావలెను. ఆ ఋతువులో చేప ఎక్కడ ఉంటుంది, ఏ వేళకు ఆకలిగొంటుంది, వేటగాడు ఎక్కడ కాలు మోపరాదు అనే మూడు ప్రశ్నలకూ సమాధానం ఆ చల్లదనంలోనే ఉన్నది.

గోధుమవన్నె ట్రౌట్ కాశ్మీరానికి స్థానికమైన చేప కాదు. 1899లో బెడ్‌ఫర్డ్ డ్యూకు కానుకగా పంపిన గుడ్లు దారిలోనే నశించినవి. 1900 చివరలో స్కాట్లండునుంచి మరొక విడత వచ్చినది. కాశ్మీరులో తివాచీల కర్మాగారం నడుపుతుండిన ఫ్రాంక్ మిచెల్ వాటి పోషణభారం వహించినాడు. ఈసారి గుడ్లు పిల్లలైనవి. పిల్లలు పెరిగి క్రమంగా ఆ లోయలోని ఏరులకు విస్తరించినవి.

వాటికి ఆ ఏరులే ఎందుకు నచ్చినవి? నీరు చల్లబడినకొద్దీ అందులో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది. సున్న డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 14.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. 20 డిగ్రీల వద్ద 9 మిల్లీగ్రాములు మాత్రమే. ట్రౌట్‌కు ప్రాణవాయువు సమృద్ధిగా ఉండవలెను. నీరు 25 డిగ్రీలకు చేరితే దానికి బ్రతుకు దుర్భరమవుతుంది. మన గోదావరిలో బొచ్చె, శీలవతి సుఖంగా పెరిగే వెచ్చని నీరు దీనికి పనికిరాదు. లిద్దర్ నీరు కోలహోయి హిమానీనదంనుంచి, శేషనాగ్ సరస్సు వైపునుంచి రెండు పాయలుగా దిగి, పహల్‌గామ్ వద్ద ఒకటై జీలం నదివైపు సాగుతుంది.

అయితే చల్లదనానికి కూడ మితి ఉన్నది. చేప దేహానికి స్వంతపు వేడి లేదు; నీరు ఎంత చల్లనో ఒళ్ళూ అంత చల్లన. నాలుగైదు డిగ్రీల నీటిలో దాని జీర్ణక్రియ మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. అటువంటప్పుడు అది ప్రవాహానికి ఎదురీది శక్తిని వ్యర్థం చేసుకోదు. లోతైన మడుగుల అడుగున, పెద్ద బండల వెనుక నీరు నెమ్మదించిన చోట ఒదిగి ఉంటుంది. ఆహారం మూతిముందుకు వస్తే నోరు తెరుస్తుంది; దూరంగా పోయేదానిని తరమదు. కనుక వసంతారంభంలో ఎర నీటి అడుగుకు దిగవలెను, ప్రవాహంతోపాటు మెల్లగా సాగవలెను.

ఎర కూడ కాలానికి తగినదై ఉండవలెను. రెక్కల పురుగులు కొన్ని తమ జీవితంలో అధికభాగం నీటిలోనే, రాళ్ళను అంటిపెట్టుకొని గడుపుతవి. రెక్కలు వచ్చి పైకి ఎగిరిన తరువాత వాటి ఆయుష్షు కొద్దిపాటిదే. నీరు చల్లగా ఉన్న రోజులలో ట్రౌట్‌కు ముఖ్యాహారం ఈ రెక్కలురాని పురుగులే. అందుచేత ఈకలతోను, దారంతోను గాలానికి కట్టే కృత్రిమపు ఎరను వాటి రూపంలో తీర్చుతారు.

ఈ వేటకు తెల్లవారుజామున లేవనక్కరలేదు. ఎండ సోకి నీరు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడే మధ్యాహ్నపు గంటలే మంచివి. ఎండ మరీ తీవ్రమైననాడు మాత్రం ఎగువన మంచు కరిగి, ఆ చల్లని నీరు పొద్దువాలే వేళకు దిగువకు చేరుతుంది. నీటిమట్టం పెరిగి రంగు మారినట్లు కనబడితే గాలం చుట్టివేయడమే మేలు.

ఇక కాలు మోపరాని చోటు. ట్రౌట్ శరత్కాలాంతంలోను, శీతకాలంలోను గుడ్లు పెడుతుంది. ఆడచేప తోకతో గులకరాళ్ళను తొలిచి గుంట చేసి, గుడ్లు పెట్టి, తిరిగి రాళ్ళతో కప్పుతుంది. పది డిగ్రీల నీటిలో గుడ్లు పొదగడానికి ఆరు వారాలకు పైగా పట్టుతుంది; అంతకన్న చల్లని నీటిలో రెండు మూడు నెలలు. పొదిగిన పిల్లలు కూడ పొట్టకింది సొనసంచిని ఆహారంగా వాడుకొంటూ కొన్ని వారాలు ఆ రాళ్ళ సందులలోనే ఉంటవి. అనగా, వేటగాడు ఉత్సాహంతో నీటిలో దిగే వసంతారంభంలోనే అతని పాదాలకింద మరుసటి తరం ఉన్నది. మడుగు చివర, లోతు తక్కువైన చోట, చుట్టుపక్కల రాళ్ళు నాచుపట్టి ఉండగా కొంతమేర గులకరాళ్ళు మాత్రం తేటగా, లేతరంగులో కనబడితే అది గుడ్లున్న తావు కావచ్చును. ఒక్క బూటు అదిమితే ఎన్నో పిల్లలు నలిగిపోగలవు. అక్కడ ఒడ్డునే నడవవలెను.

మత్స్యశాఖవారు నదిని భాగాలుగా విభజించి, అనుమతిపత్రాలతో వేటకు హద్దులు ఏర్పరచినారు. కాని రాళ్ళకింద ఉన్నదానిని కాపాడడం వేటగాని వివేకంపైననే ఆధారపడి ఉన్నది. కోలహోయి హిమానీనదం ఏటేట తగ్గిపోతున్న ఈ కాలంలో ఆ వివేకం మరింత అవసరం. నాడు ఆ గుడ్లను సముద్రాలు దాటించడానికి రెండు పర్యాయాలు ప్రయత్నించవలసివచ్చినది. నేడు వాటి సంతతిని కాపాడడానికి ఒక అడుగు పక్కకు వేస్తే చాలును.