మెడికల్ సీటు వస్తుందా? లెక్క వేసేదెలా?

నీట్ ఫలితాలు వెలువడగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఉపాధ్యాయులకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. "సార్, మా అమ్మాయికి ఇన్ని మార్కులొచ్చాయి. డాక్టర్ సీటు వస్తుందా?" మార్కులు విని అక్కడికక్కడే అవుననో కాదనో చెప్పేవారి మాట నమ్మరాదు.

2024లో సవరించిన ఫలితాల ప్రకారం కూడా 720కి 720 తెచ్చుకున్నవారు 17 మంది. 2025లో దేశం మొత్తంమీద అత్యధిక మార్కులు 686 మాత్రమే. జనరల్ అభ్యర్థులకు అర్హత మార్కు 162 నుంచి 144కు దిగింది. కావున నిరుటి మార్కులతో ఈ ఏటి మార్కులను పోల్చడం వృథా ప్రయాస. చూడవలసింది ర్యాంకు. అర్హత వేరు, సీటు వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2025లో అర్హత పొందినవారు 12 లక్షల పైచిలుకు. దేశంలోని ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటినా ఆ సంఖ్యకు చాలా దూరం.

జగిత్యాలలో 2022లో 150 సీట్లతో, సిరిసిల్లలో 2023లో 100 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ప్రారంభమయ్యాయి. మన ఊళ్లో కాలేజీ ఉంది గనుక మన పిల్లలకు సీటు సులభమని చాలామంది భావిస్తున్నారు. ఇది పొరపాటు. ఇందులో 15 శాతం అఖిల భారత కోటా. మిగిలిన సీట్లకు తెలంగాణ అంతటి నుంచీ పోటీ ఉంటుంది. బీసీ-ఇ వారికి 4 శాతం అంటే లెక్క ప్రకారం జగిత్యాలలో ఐదు, సిరిసిల్లలో మూడు. అయితే మంచి ర్యాంకు ఉన్న బీసీ-ఇ విద్యార్థి ఓపెన్ సీటుకూ అర్హుడే.

ముస్లింలందరూ బీసీ-ఇ కారు. 2007 నాటి చట్టంలో షేక్, ఖురేషీ, హజ్జాం, ఫకీర్ మొదలైన 14 తరగతులు ఉన్నాయి. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఈ రిజర్వేషన్ కొనసాగుతున్నది. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు ఇందులోకి రావు. వారు ఆదాయ పరిమితికి లోబడి ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దూదేకులవారు బీసీ-బి. ఏ సర్టిఫికెట్ అయినా కౌన్సెలింగ్‌కు ముందే చేతిలో ఉండాలి.

మన ప్రాంతానికి అసలు చిక్కు స్థానికత. తొమ్మిది నుంచి ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివినవారే స్థానికులనే నిబంధనను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. తండ్రి జిద్దాలోనో దుబాయ్‌లోనో పనిచేస్తూ పిల్లలను అక్కడే పదో తరగతి దాకా చదివించి, ఇంటర్‌కు కోరుట్ల తీసుకువస్తే ఈ నాలుగేళ్లు పూర్తి కావు. ఇంటర్‌కే విజయవాడ హాస్టల్‌లో చేర్చినా అంతే. తాతముత్తాతల నుంచీ ఇక్కడే ఉన్నామన్న మాట కౌన్సెలింగ్‌లో పనికిరాదు. ఇంటర్ పూర్తయ్యాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఎక్కడికి వెళ్లినా ఇబ్బంది లేదు. ఎనిమిదో తరగతి పిల్లలున్న గల్ఫ్ సోదరులు ఈ సంగతి ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఇక అంచనా వేసే పద్ధతి. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రతి విడతలో సీట్లు పొందినవారి జాబితాను కాలేజీల వారీగా ప్రకటిస్తుంది. అందులో మీ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడండి. మొదటి విడత చూసి నిరాశ పడనక్కరలేదు. అఖిల భారత కోటాలో సీటు వచ్చినవారు తప్పుకుంటారు గనుక చివరి విడతకు ర్యాంకు కొంత కిందికి దిగుతుంది. మీ ర్యాంకు ఆ చివరి అంకెకు దగ్గరలో ఉంటే ఆశ ఉంది. రెట్టింపు దూరంలో ఉంటే, అమ్మ నగలు అమ్మి మేనేజ్‌మెంట్ సీటుకు పరుగెత్తే ముందు ఐదేళ్ల ఫీజు కాగితం మీద కూడుకోవాలి.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. వెబ్ ఆప్షన్లలో జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ మాత్రమే పెట్టి, ఆసిఫాబాద్, భూపాలపల్లి దూరమని వదిలేస్తున్నారు. దూరపు కాలేజీలో సీటు దొరికే ర్యాంకు ఉండీ అమ్మాయి ఇంట్లో కూర్చుంటున్నది. అక్కడా హాస్టళ్లు ఉంటాయి, ఒకసారి వెళ్లి చూసి వచ్చి నిర్ణయించవచ్చు.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అందులో రాష్ట్ర కోటా సీట్లకు నీట్ ర్యాంకు చూడరు, ఈఏపీసెట్ ర్యాంకు చూస్తారు. బైపీసీ విద్యార్థులు నీట్‌తో పాటు ఆ పరీక్షకూ ముందే దరఖాస్తు చేయవలసి ఉంటుంది.