పట్నం కుక్క పండుగకు వచ్చింది

దసరా సెలవులు వచ్చాయంటే హైదరాబాద్ నుంచి వచ్చే కార్లతో పంతంగి టోల్‌గేటు కిటకిటలాడుతుంది. ముందు సీట్లో కొడుకు, పక్కన కోడలు, వెనక పిల్లలు. ఈమధ్య ఆ పిల్లల నడుమ మరో ప్రాణి కూడా కూర్చుని వస్తోంది. కిటికీలోంచి తల బయటపెట్టి, నాలుక వేలాడేసి, నార్కట్‌పల్లి దాటాక కనిపించే చేలను వింతగా చూస్తుంది. అది పట్నం కుక్క.

కారు వాడకట్టులో ఆగీ ఆగకముందే ఊరి కుక్కలన్నీ ఒక్కటై మొరుగుతాయి. పట్నం కుక్క మాత్రం కోడలు కాళ్ల వెనక నక్కుతుంది. చూడవచ్చిన ఇరుగుపొరుగువారు ముక్కున వేలేసుకుంటారు. "దీనికి బువ్వ ఏం పెడ్తరే?", "ఇంట్లనే పంటదా?", "దీనికి సబ్బు కూడా వేరేనా?" అంటూ ప్రశ్నలు కురిపిస్తారు. ఇలాంటి ముచ్చట్లు నల్గొండ జిల్లా పల్లెల్లో పండుగకు వచ్చిన ప్రతిసారీ వినవస్తున్నాయి.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కాని ఆ పట్నం కుక్కను చూసి మన పల్లెలు నేర్చుకోవలసింది ఒకటుంది. అలాగే పల్లెకు తెచ్చేటప్పుడు పట్నంవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

తాత చేతికి గొలుసు

కొడుకుల దగ్గర నాలుగు నెలలు ఉండివద్దామని వనస్థలిపురం, ఎల్బీనగర్ వైపు వెళ్లే మన పెద్దలకు అక్కడ ఒక కొత్త కొలువు దొరుకుతోంది. కొడుకూ కోడలూ ఆఫీసులకు, పిల్లలు బడికి పోతారు. మిగిలేది తాత, కుక్క. అలా ఉండివచ్చిన ఒక పెద్దాయన తన దినచర్యను ఇలా చెప్పారు: "పొద్దుగాల ఐదింటికే లేపుతది. మనుమడు లేవడు, నేను లేవాలె. మూడంతస్తులు దిగి రోడ్డు మీద తిప్పాలె. ఒక చేతిల గొలుసు, ఇంకో చేతిల కాగితం సంచి. అది ఎక్కడ కూసుంటే అక్కడ నేనే ఎత్తాలె. మొదట్ల సిగ్గయింది. తర్వాత చూస్తే నా అసొంటోళ్లు గల్లీకి నలుగురున్నరు."

ఊరి కుక్కకు ఈ బాధ లేదు. దానికి చేనూ చెలకా ఉంది, తన నడక తనే నడుస్తుంది. మూడో అంతస్తులో ఉండే కుక్కకు మనిషి తలుపు తీస్తేనే లోకం. రోజుకు రెండు పూటలు నడిపించకపోతే అది ఒళ్లు పెంచుతుంది, గోళ్లు పెరుగుతాయి, విసుగుతో చెప్పులు కొరుకుతుంది, ఊరికే మొరుగుతుంది. అందువల్ల ఆ నడక గొప్పకోసం చేసేది కాదు, దాని ఆరోగ్యానికి అవసరం.

ఇందుకోసమే హైదరాబాద్ నగరపాలక సంస్థ 2018లో కొండాపూర్‌లో కుక్కలకోసం ప్రత్యేకంగా ఒక పార్కు తెరిచింది. దాని విస్తీర్ణం 1.3 ఎకరాలు. మన లెక్కలో ఎకరం మీద పన్నెండు గుంటలు. నడవడానికి దారి, దూకడానికి పరికరాలు, తడవడానికి నీటి మడుగు ఏర్పాటు చేశారు. "పన్నెండు గుంటలు తక్కువైనా సరే, మాకిస్తే మిరప వేసుకుందుము" అని ఈ సంగతి విన్న ఒక రైతు చమత్కరించారు.

ఎండ దెబ్బ

నల్గొండ ఎండలు మనకు కొత్త కాదు. పట్నం కుక్కకు మాత్రం కొత్తే. మనిషికి ఒళ్లంతా చెమట పట్టి వేడి దిగుతుంది. కుక్కకు అలా పట్టదు. నోరు తెరిచి రొప్పడమే అది ఒంటి వేడిని దించుకునే ముఖ్యమైన మార్గం. బొచ్చు ఒత్తుగా ఉండే చలిదేశపు జాతులకు, ముక్కు నొక్కినట్టుండే పగ్ వంటి జాతులకు ఎండాకాలం ప్రాణగండమే.

కుక్కను ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. అది చూసి జ్వరమని కంగారుపడనక్కరలేదు. మనిషి ఒంటి వేడి సుమారు 98.6 డిగ్రీలైతే, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల వరకు ఉండడం సహజం. అయితే ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, కాళ్లు తడబడుతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద చల్లటి నీళ్లు పోసి, విసరాలి. ఆపై పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. అద్దాలు మూసిన కారులో కుక్కను వదిలి "ఐదు నిమిషాల్లో వస్తాను" అని పోవడం ఎంతమాత్రం తగదు.

తారు రోడ్డు మీద నడిపించేముందు మన అరచేతి వెనకవైపును రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టాలి. మన చెయ్యి అంతసేపు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఎండాకాలంలో పొద్దు పొడవకముందూ, పొద్దు గూకి నేల చల్లబడిన తరువాతా తిప్పడం మేలు.

పండుగ వంటలతో జాగ్రత్త

పండుగనాడు యాట కూర వండుతాం. పిల్లలు ముద్దుకొద్దీ తమ విస్తట్లోది కుక్కకు వేస్తారు. ఉడికిన కోడి ఎముకలు విరిగితే సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎక్కువైతే కుక్క రక్తంలోని ఎర్రకణాలు దెబ్బతింటాయి. ద్రాక్ష, పాయసంలో వేసే కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. చాక్లెట్ దానికి విషంతో సమానం.

మరొక మాట. కుక్క కుంటుతోందనో, జ్వరమనో మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర మింగించరాదు. మనిషికి మేలు చేసే మాత్రే కుక్క కడుపును, మూత్రపిండాలను, కాలేయాన్ని పాడుచేయగలదు.

గోమార్లకు పత్తి మందు వద్దు

పల్లెకు వచ్చిన కుక్క పట్నం తిరిగి పోయేటప్పుడు వెంట తీసుకుపోయేవి గోమార్లు. వీటినే పిడుదులనీ అంటారు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద పట్టుకుని రక్తం పీలుస్తాయి. రక్తం పీల్చడమే కాకుండా జ్వరాలు కూడా అంటిస్తాయి. కుక్క మేత మాని, చిగుళ్లు తెల్లబడి, నీరసంగా పడుకుంటే గోమారి జ్వరమేమోనని అనుమానించి రక్త పరీక్ష చేయించాలి.

మన పల్లెల్లో కొందరు చేలో చల్లగా మిగిలిన పురుగుమందును నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూస్తారు. ఇది చాలా ప్రమాదం. కుక్క ఒళ్లు నాకుతుంది, మందు కడుపులోకి పోతుంది. గోమారితోపాటు కుక్క కూడా చస్తుంది. కిరోసిన్ పూయడమూ మంచిది కాదు. కుక్కలకు వాడదగిన మందు ఏదో, ఎంత వాడాలో పశువుల దవాఖానలో అడిగి తెలుసుకోవాలి.

దీపావళికి వచ్చేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కుక్క చెవి మనకంటే చురుకు. టపాకాయల మోతకు బెదిరి గొలుసు తెంపుకుని పరుగెత్తిన పట్నం కుక్కకు ఊరి దారులు తెలియవు. ఆ రాత్రి దాన్ని లోపలి అర్రలో ఉంచి తలుపు వేయడమే మంచిది.

అసలు తేడా ఒక్క సూదిలోనే

పట్నం కుక్కకూ ఊరి కుక్కకూ తేడా ఏమిటని అడిగితే పరుపు, సబ్బు, డబ్బా మేత అని పిల్లలు చెబుతారు. నిజానికి ఇవన్నీ లేకపోయినా కుక్క బతుకుతుంది. అసలు తేడా మరోచోట ఉంది.

చాలామంది పట్నం యజమానుల బీరువాలో కుక్క పేరు రాసిన ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తరువాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున మిగిలినవి, మూడు నెలలు నిండాక పిచ్చి వ్యాధి, అంటే రేబిస్ టీకా, ఆపై డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా. మధ్యమధ్య నట్టల మందు. అన్నీ తేదీలతో సహా రాసి ఉంటాయి.

మన బర్రెలకు గాలికుంటు టీకా వేయిస్తాం. గొర్రెలకు నట్టల మందు తాగిస్తాం. కోళ్లకు కొక్కెర రాకుండా జాగ్రత్తపడతాం. ఇవన్నీ ఉన్న వాకిలిని రాత్రంతా కాచే కుక్కకు ఏ సూదీ లేదు. "అది మాది కాదు, ఇంటిముందల పంటది" అంటాం. అన్నం మాత్రం మనమే పెడతాం. మన పిల్లలే దాని తోక పట్టుకుని ఆడతారు. అదే పిల్లలు పండుగకు వచ్చిన పట్నం కుక్కతోనూ ఆడతారు. టీకా వేయించని కుక్క ఒక్కటి కరిస్తే పట్నమని, పల్లె అని ఆ వ్యాధి చూడదు.

ప్రతి యేడూ జూలై 6న, సెప్టెంబరు 28న చాలాచోట్ల పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. జూలై 6కు ఒక చరిత్ర ఉంది. 1885లో అదే రోజున ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి తొలిసారి టీకా ఇప్పించాడు. బాలుడు బతికాడు. సెప్టెంబరు 28 పాశ్చర్ మరణించిన రోజు. దాన్నే ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు. పంచాయతీ పెద్దలు ముందుగా పశువైద్యుని కలిసి, వాడకట్టుకు ఇద్దరు యువకులను పురమాయించి, అన్నం పెట్టే చేతులతోనే కుక్కలను పట్టి తెప్పిస్తే ఒక్క పూటలో ఊరంతా పూర్తికావచ్చు.

చెప్పుదెబ్బ కాదు, సబ్బు నీళ్లు

'కుక్క కాటుకు చెప్పుదెబ్బ' అన్న సామెత మాటకు బాగుంటుంది. గాయానికి పనికిరాదు. కుక్క కరిచినా, గీరినా, గాయం మీద నాకినా చేయవలసిన మొదటి పని సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగడం. బోరింగు దగ్గరైనా సరే. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు పెట్టవద్దు. మంత్రానికి, తాయెత్తుకు పోయి పొద్దు పోగొట్టవద్దు.

కడిగిన వెంటనే ప్రభుత్వ దవాఖానకు వెళ్లాలి. టీకా మొదటి రోజున, తరువాత 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. కండలోకి వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. రక్తం కారే గాయమైతే గాయం చుట్టూ వేసే మరో మందు కూడా అవసరం. దాన్ని అడిగి వేయించుకోవాలి. ఒక్క సూది వేయించుకుని నొప్పి తగ్గిందని మిగతావి మానరాదు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తరట" అన్న భయం ముసలివారిలో ఇంకా ఉంది. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివరితో ఆపేశారు. ఇప్పటి టీకా చేతికే వేస్తారు.

కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉంటే కాటు వేసిననాడు దానికి రేబిస్ లేనట్టే. అయితే ఆ పది రోజులు చూసి అప్పుడు టీకాకు పోదామనుకోవద్దు. ముందు టీకా మొదలుపెట్టి తరువాత కుక్కను కనిపెట్టాలి. వ్యాధి బయటపడడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ముందే, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా రావచ్చు. బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ప్రాణం నిలిచేది కరిచిన వెంటనే చూపిన జాగ్రత్తతోనే.

కుక్క దవడ వేలాడేసి చొంగ కారుస్తుంటే ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టవద్దు. అదీ పిచ్చి వ్యాధి లక్షణమే కావచ్చు. బర్రెను, ఆవును కుక్క కరిచినా గాయం కడిగి అదే రోజు పశువైద్యునికి చూపాలి.

సెలవులు అయిపోతాయి. కారు బయలుదేరుతుంది. పట్నం కుక్క మళ్లీ కిటికీలోంచి తల బయటపెడుతుంది. ఊరి కుక్క పొలిమేర దాకా కారు వెంట ఉరికి, అలసి, తిరిగి వచ్చి మన వాకిట్లోనే పడుకుంటుంది. దానికి పరుపు వేయనక్కరలేదు, కారులో తిప్పనక్కరలేదు. ఏడాదికి ఒక్క సూది చాలు. ఆ సూది కుక్కకోసమే కాదు, దానితో ఆడుకునే మన పిల్లలకోసం.