మళ్ళీ మళ్ళీ వచ్చే కామెర్లు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ నుండి సంగారెడ్డిలోని మా వైద్యశాలకు వచ్చేవారిలో కామెర్ల రోగులు తరచుగా ఉంటారు. కళ్ళు పచ్చబడగానే ‘నీళ్ళ దోషం’ అంటారు. నక్కవాగు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ప్రాంతమిది కనుక ఆ అనుమానం సహజమే. కాని నీటి ద్వారా సంక్రమించే హెపటైటిస్ ఏ, ఇ సాధారణంగా కొన్ని వారాలలో ఉపశమిస్తాయి. కాలేయపు వాపు ఆరు నెలలు దాటినా తగ్గకుంటే అది దీర్ఘకాలికం. కారణాన్ని వేరుచోట వెతకాలి.

ఈ సంగతి నాకు బోధపరచినది ఒక కార్మికుని భార్య. వయస్సు నలభై ఉంటుంది. కామెర్లు తగ్గి, మళ్ళీ వచ్చాయి. నీరసం, కీళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. గురుకులంలో నేర్చిన విధంగా నాడి చూచి నేల ఉసిరి, కటుకరోహిణి ఇచ్చాను. కొంత మేలు కనబడగా, బలం కోసమని తిప్పతీగ కషాయం చేర్చాను. నెలన్నర తిరిగేసరికి పచ్చదనం ముదిరింది. హెపటైటిస్ బి, సి పరీక్షలలో ఏమీ తేలలేదు. “కల్లు చుక్క ముట్టనిదాన్ని, నాకిదేంది సారూ?” అని అడిగింది. నా వద్ద సమాధానం లేకపోయింది. కషాయం మాన్పించి హైదరాబాదులోని కాలేయ నిపుణుని వద్దకు పంపాను.

అక్కడ తేలినది ఆటోఇమ్యూన్ హెపటైటిస్. శరీర రక్షణ వ్యవస్థ తన కాలేయాన్నే పరాయిదిగా భావించి దాడి చేయడం దీని స్వభావం. స్త్రీలలో ఎక్కువ. రక్తంలో స్వీయ ప్రతిరక్షకాలు ఉన్నవేమో చూస్తారు: ఏ.ఎన్.ఏ., స్మూత్ మజిల్ యాంటీబాడీ, పిల్లలలో ముఖ్యంగా ఎల్.కె.ఎం.-1. ఎలుక కాలేయం, మూత్రపిండం, జీర్ణకోశాల పలుచని పొరలపై రోగి రక్తరసాన్ని ఉంచి, ప్రతిరక్షకాలు అంటుకున్నచోట వెలుగును సూక్ష్మదర్శినిలో గమనిస్తారు. రిపోర్టులో 1:80 అని ఉంటే, రక్తరసాన్ని ఎనభై వంతులకు పలుచన చేసినా ఆ వెలుగు కనబడిందని అర్థం.

అయితే ఈ ఒక్క కాగితంతో రోగ నిర్ణయం జరగదు. ఆరోగ్యవంతులైన వృద్ధులలోను, హెపటైటిస్ సి రోగులలోను స్వల్పంగా ఏ.ఎన్.ఏ. కనబడవచ్చు. రోగముండీ ప్రతిరక్షకాలు కనబడనివారూ ఉన్నారు. అందుకే 2008లో రూపొందిన అంతర్జాతీయ ప్రమాణాలలో ఐ.జి.జి. పరిమాణం, బయాప్సీ, వైరస్ లేదన్న నిర్ధారణ కూడా చేర్చారు. బయాప్సీ అంటే భయపడే కుటుంబాలు ఈ మాట గమనించాలి.

ఆ తరువాతనే నేను తిప్పతీగను గురించిన పరిశోధనలు చదివాను. 2021లో ముంబై వైద్యులు ఆరుగురు రోగులను, 2022లో దేశంలోని 13 కేంద్రాల వైద్యులు 43 మందిని వర్ణించారు. వారిలో చాలామందికి ఇటువంటి ప్రతిరక్షకాలే కనబడ్డాయి. ఆయుష్ శాఖ దీనిని అంగీకరించక, వేరే జాతి తీగను పొరబడి వాడి ఉండవచ్చునన్నది. నేనిచ్చినది మాత్రం మా పెరటి వేపచెట్టుకు పాకిన తీగే. ఆమెకు రోగం తీగవల్ల ముదిరిందో, తనంతట తానే ముదిరిందో నేను తేల్చలేను.

ఆమె ఇప్పుడు ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్ వాడుతున్నది. ఆ మందులను ఆమె తనంతట మానరాదు, నేను మాన్పించరాదు. కామెర్లు మళ్ళీ వచ్చినవారికి తిప్పతీగ వ్రాయడానికి ముందు నేను పాత రిపోర్టులన్నీ బల్లమీద పెట్టమంటున్నాను.