నెత్తురు తీసినచోట కమిలినపుడు

తిరుపతికో చిత్తూరుకో పోయి రక్తపరీక్ష చేయించుకొని పాకాల చేరిన మరునాడు, సూది వేసినచోట కమిలి నల్లబడినచో పెద్దలు కలవరపడుట కలదు. సిరలోని రంధ్రము పూడకమునుపు కొంత నెత్తురు చర్మముక్రిందికి ఊరుటయే దీనికి హేతువు. వార్ధక్యమున చర్మము పలుచనగుటచే మనకిది సులభముగా కలుగును. ఆ నలుపు క్రమముగా ఆకుపచ్చయై, పసుపై, సాధారణముగా రెండువారములలో మాయును. దానిని మర్దింపరాదు.

అయితే వాపు పెరిగినను, వ్రేళ్లు తిమ్మిరెక్కినను, నొప్పి తీవ్రమైనను, ఆ చోటు ఎఱ్ఱనై జ్వరము వచ్చినను, పదినిమిషములు అదిమినను నెత్తురు నిలువకున్నను, దెబ్బ తగులని తావులందు మచ్చలు పుట్టినను, తడయక ప్రభుత్వ వైద్యశాలకు పోవలయును. నెత్తురు గడ్డకట్టనీయని మాత్రలు వాడువారు చిన్న వాపునైనను వైద్యునికి చూపవలయును. కాని, ఆ మాత్రలను తమంతట తాము మానరాదు. రంగునకు వెఱవకుడు, ఈ గుర్తులయెడ ఉపేక్ష వలదు.