కాలేయమునకు క్రొవ్వు పట్టుట: కుటుంబ చరిత్ర

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ప్రాంతమున పొలము గట్టు తగాదా వచ్చినచో, మూడు తరముల దస్తావేజులు పెట్టెలోనుండి తీసి చూపుదురు. తాత యే జబ్బుతో పోయెనని మేమడిగినపుడు మాత్రము "ఏవో కామెర్లు" అని ఊరకుందురు. కాలేయవ్యాధి యనగానే త్రాగుడు జ్ఞప్తికి వచ్చుటచేత, త్రాగని కుటుంబములు సయితము ఆ మాట దాచుచున్నవి. ఈ దాపరికమువలన నష్టపడువారు పిల్లలు.

మద్యము ముట్టనివారికిని కాలేయములో క్రొవ్వు చేరును. అది నూటికి అయిదు పాళ్లు మించినచో వ్యాధిగా ఎంచుదురు. మధుమేహము, స్థూలకాయము దానికి తోబుట్టువులు. చాలకాలము నొప్పి గాని జ్వరము గాని యుండదు. కొందరిలో కాలేయము వాచి, గట్టిపడి, పొట్టలో నీరు చేరువరకు ఇంటివారికి తెలియనే తెలియదు. అప్పుడు పసరు పోయించుటకు పరుగెత్తుదురు. ఆ పరుగులో పోవునది విలువైన కాలము.

ఇది వంశమున ఎట్లు నడచును? కాలేయమున క్రొవ్వు అధికముగా నుండుటకును, పి.ఎన్.పి.ఎల్.ఎ.3 అను జన్యువులోని ఒక మార్పునకును సంబంధము కలదని అమెరికా శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. ఆ మార్పు తల్లినుండి గాని, తండ్రినుండి గాని, ఇరువురినుండి గాని రావచ్చును. ఈ వ్యాధివలన కాలేయము పూర్తిగా గట్టిపడినవారి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, బిడ్డలకు కాలేయము ముదరగట్టు ప్రమాదము ఇతరులకంటె సుమారు 12 రెట్లు అధికమని 2017 నాటి మరియొక పరిశోధనలో తేలినది.

అయినను విత్తన మొక్కటియే పంట కాదని ప్రత్తి రైతునకు మేము చెప్పనక్కరలేదు. తాత మిరపతోటలో ఎండలో వంగి పనిచేసెను. మనుమడు హైదరాబాదులో కంప్యూటరు ముందు పగలంతయు కూర్చుండును. అచ్చటి ఐ.టి. ఉద్యోగులను 345 మందిని పరీక్షింపగా నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు కలదని 2025లో ప్రకటింపబడినది. అట్టి కొలువులకు మన పల్లెలనుండి పోయిన బిడ్డలు తక్కువమంది కారు.

భారత ప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో ఈ వ్యాధిని మధుమేహము, గుండెజబ్బులు మొదలగువాని నివారణకై నడచు జాతీయ కార్యక్రమమున చేర్చినది. ముప్పది యేండ్లు నిండినవారి యిండ్లకు ఆశా కార్యకర్త తెచ్చు పత్రములో నడుము కొలత, శరీరశ్రమ, త్రాగుడు, కుటుంబములోని షుగరు, బి.పి., గుండెజబ్బులనుగూర్చిన ప్రశ్నలు కలవు. అప్పుడు కాలేయపు మాట కూడ దాచక చెప్పునట్లు పంచాయతీ సభ్యులు తమ వార్డులలో నచ్చజెప్పవలెను. సభ్యుడు తన యింటి సంగతియే ముందు చెప్పినచో తక్కినవారికి జంకు తీరును. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్త అవసరము. 80 కిలోల మనిషి 6 మొదలు 8 కిలోల వరకు తగ్గినచో, క్రొవ్వుతోపాటు కాలేయపు వాపు కూడ తగ్గు అవకాశము కలదు.

రక్తపరీక్ష మామూలుగా నున్నను క్రొవ్వు ఉండవచ్చును. కావున ఇంట కాలేయము గట్టిపడి ఒకరు పోయినచో, పెద్దబిడ్డలు వైద్యునికి ఆ సంగతి తెలిపి, ఆయన వ్రాసిన స్కానింగు తీయించుకొనవలెను. ఆ కాగితమును దస్తావేజులున్న పెట్టెలోనే దాచుకొనుట మంచిది.