పసరుకూ పరీక్ష పెట్టాల్సిందే
నల్లమల, పాలకొండల మూలికలు రక్తం గడ్డకట్టకుండా ఆపగలవా? నమ్మకం చాలదు, నిరూపణ కావాలి

చెనిక్కాయ చేలో రక్తపింజర కాటేసిన రైతును ఆసుపత్రికి తెస్తే, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. రక్తం ఇంకా పారుతుంటే విషం ఎక్కినట్టే. గడ్డకట్టించే పదార్థాలను ఆ విషం రెచ్చగొట్టి, ఖర్చు చేయించేస్తుంది.

గాయం దగ్గర కట్టే గడ్డ ప్రాణం నిలుపుతుంది. అదే గడ్డ గుండె రక్తనాళంలో అడ్డుపడితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం. ఇలా రక్తనాళాల్లో గడ్డకట్టడాన్ని ఆపే మందు మన కొండల్లో ఉందా అన్నది కర్నూలు, కడప వాళ్లు అడగదగ్గ ప్రశ్న. నల్లమల, పాలకొండ, లంకమల మనవి. చెంచుల మూలికా జ్ఞానం ఇక్కడిదే. యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలూ ఇక్కడే ఉన్నాయి.

గడ్డి నుంచి గుండె మందు

1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన గడ్డకట్టని ఆవు రక్తాన్ని పాలక్యానులో తీసుకుని శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ల్యాబ్‌కు వెళ్లాడు. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోతున్నాయి. 1939లో ఆ ల్యాబ్ అసలు కారకాన్ని విడదీసింది. దాని పేరు డైకుమరాల్. ఆ దారిలోనే వార్ఫరిన్ తయారై, 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది. చంపడానికీ బతికించడానికీ మధ్య తేడా మోతాదే.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

పరీక్షించాల్సిన మూలిక ఆకును నీడలో ఆరబెట్టి, పొడిచేసి, నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి సారం తీస్తారు. 9 పాళ్ల రక్తానికి 1 పాలు సోడియం సిట్రేట్ కలిపితే, అది కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టనివ్వదు. గిర్రున తిప్పి ప్లాస్మా వేరుచేసి, సారం కలిపి, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే థ్రాంబోప్లాస్టిన్‌తో పాటు కాల్షియం తిరిగి ఇస్తారు. మామూలు ప్లాస్మా సుమారు 11 నుంచి 13.5 సెకన్లలో గడ్డకడుతుంది. సారంతో ఆలస్యమైతే అందులో ఏదో ఉన్నట్టు. పక్కనే హెపారిన్ వంటి తెలిసిన మందునూ పరీక్షించి పోల్చాలి.

అయినా సంబరపడకూడదు. కరక్కాయ, తుమ్మబెరడు లాంటి వగరు సరుకులోని టానిన్లు ప్రొటీన్లను పట్టుకుని ఫలితాన్ని తారుమారు చేయగలవు. పైగా గొట్టంలో పనిచేసింది పేగు, కాలేయం దాటి రక్తంలో నిలవాలి.

మాత్రలు వాడేవాళ్లు జాగ్రత్త

కూరలో పసుపు, తాళింపులో వెల్లుల్లి భయపెట్టేవి కావు. వాటి గాఢ సారాల క్యాప్సూల్స్ మాత్రం, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్‌లతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. మునగాకు, పాలకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్‌కు ఎదురు పనిచేస్తుంది. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ దాదాపు ఒకే పాటి తినాలి. కషాయం తాగుతుంటే డాక్టరుకు దాచకండి. దాన్ని నమ్మి మాత్రలు మాత్రం ఆపకండి.

నాటు వైద్యాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు, గుడ్డిగా నమ్మడమూ న్యాయం కాదు. ఏ మొక్క, ఏ కొండది, ఎంత మోతాదు అన్నది రాసిపెట్టి పరీక్షించాలి. మందు పుడితే, 2002 జీవవైవిధ్య చట్టం చెప్పినట్టు ఆ లాభంలో చెంచుకూ వాటా దక్కాలి.