సర్వరు యంత్రములందు మెమొరీ పంపిణీ

నెలల తరబడి నడచు సర్వరు ప్రోగ్రాము నానాటికి మెమొరీని ఆక్రమించి, తుదకు లినక్సు కెర్నెలుచే అర్ధాంతరముగా ఆపివేయబడుట పెక్కుమంది ఎరిగినదే. అపుడు నింద ప్రోగ్రాము వ్రాసినవానిపై పడును. కాని అతడు పుచ్చుకొన్నదంతయు తిరిగి యిచ్చియే యుండవచ్చును. చిక్కు నడుమనున్న పంపిణీదారు వద్ద నుండవచ్చును.

ఈ పంపిణీదారునకు మాలాక్ అని పేరు. కెర్నెలు మెమొరీని సాధారణముగ 4 కిలోబైట్ల పేజీలుగా నిచ్చును. ప్రోగ్రాము కోరునవి తరచుగా పదులు, వందల బైట్ల తునుకలు. పేజీలో నొక్క తునుక వాడుకలో మిగిలినను ఆ పేజీ కెర్నెలునకు మరలిపోజాలదు. ఒక్క గదిలో కాపురమున్నను ఇల్లంతయు యజమానికి అప్పగింప వీలుకాదు గదా! దీనినే ఫ్రాగ్మెంటేషన్ అందురు.

లినక్సునందు విరివిగా వాడబడు గ్లిబ్‌సీ మాలాక్, డగ్ లీ 1987లో ఆరంభించిన కృషినుండి వచ్చినది. పలు థ్రెడ్లు ఒకే తాళమునకై వేచియుండకుండ ఇది 'అరీనా'లను వేరువేరుగా కల్పించును. 64 బిట్ల యంత్రమున వీని పరిమితి కోర్ల సంఖ్యకు 8 రెట్లు. అనగా 16 కోర్లున్నచో 128. ఒక అరీనాలో ఖాళీయైన తునుక మరియొకదానికి అక్కరకు రాదు. 'మాలాక్ అరీనా మాక్స్' అను అమరికను 2కు గాని 4కు గాని దించినచో ఈ వ్యర్థము తగ్గును. తాళములకడ నిరీక్షణ మాత్రము పెరుగవచ్చును.

జేసన్ ఎవాన్స్ 2005లో ఫ్రీబీఎస్‌డీ కొఱకు రూపొందించిన జెమాలాక్ వాడని పేజీలను కొంత వ్యవధిపై కెర్నెలునకు విడుచును. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 దీనిని గైకొనెను.

అయినను ముందు కొలిచి చూడవలెను. ప్రోగ్రాము వాస్తవముగ వాడుచున్న బైట్లు నిలకడగానుండి, యంత్రమున ఆక్రమించిన మెమొరీ మాత్రమే పెరుగుచున్నచో పంపిణీదారును సవరింపవచ్చును. వాడుకయే పెరుగుచున్నచో అది నిజమైన లీకు. ఏ మాలాకును దానిని మాన్పజాలదు.